అటక మీద ఆకుపచ్చ కార్డు

ఆటల ఆఫీసరు ఉద్యోగమే ఒక విడ్డూరం. ఇద్దరు మనుషుల్ని తీసుకొచ్చి, రెండు గదుల్లో కూర్చోబెట్టి, ఒక్కొక్కరికీ ఒక ఎర్ర కార్డు, ఒక ఆకుపచ్చ కార్డు ఇస్తాడు. ఒకరికొకరు సాయం చేసుకుంటారో, గోతులు తవ్వుకుంటారో చూసి ప్రొఫెసరుగారి ఫారంలో రాస్తాడు. ఆ బిరుదు ఎదురింటాయన ఇచ్చింది. అది వినపడ్డప్పుడల్లా ఇల్లాలు కిసుక్కున నవ్వుతుంది.

ఆదివారం ఫైనల్ మ్యాచ్. సోమవారం పైపులు బాగుచేసే మనిషి వస్తాడు గనుక ఆలోపు అటక ఖాళీ కావాలి. ఏడాదిగా రేపు, రేపు అంటూ నెట్టుకొచ్చిన ఆ పని తన నెత్తిన పడకుండా హాయిగా మ్యాచ్ చూడాలని ఆయన పన్నాగం. అందుకే వారం ముందే కార్డులు ఇంటికి పట్టుకొచ్చాడు. ఇంట్లోనూ ప్రయోగం చేస్తున్నానని ప్రొఫెసరుగారికి గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

ఇద్దరూ డబ్బాలో ఆకుపచ్చ వేస్తే పని కలిసి చేయాలి. ఒకరు ఎర్ర, ఒకరు ఆకుపచ్చ వేస్తే ఆకుపచ్చ వేసిన అమాయకులే మొత్తం చేయాలి. ఇద్దరూ ఎర్ర వేస్తే పని ఎలాగూ తప్పదు, పైగా వారం రోజులు టీవీ బంద్. ఆరు రోజులు అంట్ల మీద, ఏడో రోజు అటక మీద ఆట.

ఆరు రోజులూ ఆయన ఎర్ర, ఆవిడ ఆకుపచ్చ. ఆవిడ అంట్లు తోముతుంటే పేపరు చాటు నుంచి ఆయనకి నిజంగానే జాలేసింది. జాలిపడుతూనే మర్నాడు మళ్ళీ ఎర్ర వేశాడు.

ఆదివారం పొద్దున్నే ఆవిడ, "ఏమండీ, ఇవాళ నేను ఎర్రే వేస్తున్నా," అంది.

"బెదిరిస్తున్నావా?"

"చెప్తున్నా," అని ఆయన కళ్ళెదుటే ఆకుపచ్చ కార్డు నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేసింది.

ఆయన లెక్క వేసుకున్నాడు. ఆవిడ దగ్గర ఇక మిగిలింది ఎర్ర కార్డే. తనూ ఎర్ర వేస్తే మ్యాచే కాదు, వారం రోజుల టీవీ గల్లంతు. ఆకుపచ్చ వేస్తే గబగబా అటక సర్దేసి చివరి ఓవర్లైనా చూడొచ్చు. పళ్ళు నూరుకుంటూ ఆకుపచ్చ వేశాడు.

డబ్బా తెరిస్తే రెండూ ఆకుపచ్చే.

"మరి చించేశావుగా?"

"అది మీ బ్యాగులో ఉన్న స్పేరు కార్డండీ. కట్టలకు కట్టలు మోసుకొస్తారుగా."

అలవాటు ప్రకారం ఎర్ర వేసుంటే ఈపాటికి సోఫాలో ఉండేవాణ్ణని తెలిసొచ్చి ఆయన కడుపు మండింది. అయితే సగం పని నీదేనని గట్టిగా అన్నాడు.

"అయ్యో, కలిసే చేద్దాం. మీరెక్కండి, నేను నిచ్చెన పట్టుకుంటా."

నిచ్చెన దగ్గర నిలబడితే హాల్లో టీవీ చక్కగా కనిపిస్తుంది. అటక మీంచి మాత్రం కనిపించేది దుమ్మే. ఆవిడ ఒక చేత్తో నిచ్చెన, ఇంకో చేత్తో రిమోటు పట్టుకుంది. ఆయన తుమ్ముతూ ట్రంకు పెట్టె లాగుతుంటే హాల్లోంచి ఒక్కసారిగా హోరు వినిపించింది.

"ఏమైందే?"

"కిందికి చూడకండి, పడతారు," అంది ఆవిడ, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

మర్నాడు ఆయన తుమ్ముకుంటూనే ఫారం నింపాడు. దంపతుల మధ్య సహకారం అన్న గడిలో "సంపూర్ణం" అని రాసి సంతకం పెట్టాడు.