కెటిల్ భోజనం

"గుడ్డు ఉడకబెట్టుకోవడం కూడా ఒక వంటేనా?" అన్నాడు భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"వంట కాదు కాబట్టేగా చేస్తున్నాను" అంది భార్య.

ఆ ఇంట్లో ఈ వాదన మొదలై మూడు రోజులైంది. నిద్రకీ స్నానాలకీ మధ్యలో ఆగడమే గాని తెగింది లేదు. ఏళ్ళ తరబడి ఆ ఇల్లాలు అందరికంటే ముందు లేచి భర్తకొకటి, కొడుక్కొకటి, తనకొకటి లంచ్ బాక్సులు సర్దేది. ఈ వారం మొదట్లో ఉన్నట్టుండి ఆ పని మానేసింది. మధ్యాహ్నం తిండి ఎవరిది వాళ్ళే చూసుకోవాలనీ, ఖర్చూ శ్రమా లేకుండా ఎలా తినొచ్చో ముందు తనే చేసి చూపిస్తాననీ చెప్పింది. ఆమె ఆఫీసులో టీ నీళ్ళు కాచే కరెంటు కెటిల్ ఉంది. అందులో రెండు గుడ్లు. పక్కన బ్రెడ్డు, ఒక కీరదోసకాయ. గిన్నెలు తోమే పని కూడా లేదు.

భర్త ఒక షరతు పెట్టాడు. ఏ గొడవా లేకుండా వారం గడిస్తే ఆమె మాటే ఖాయం. ఎక్కడ బెడిసికొట్టినా మర్నాటి నుంచి మళ్ళీ బాక్సులే. అంటే ఆమె పందెంలో పెట్టింది అల్లాటప్పా వస్తువు కాదు, తన తెల్లవారుజాము నిద్ర.

"మూడు రోజులకే నా కొడుకు బుగ్గలు లోపలికి పోయాయి" అంది అత్తగారు కుర్చీలోంచి కదలకుండా.

"గడ్డం గీసుకున్నారు అత్తయ్యా, అందుకలా కనిపిస్తున్నారు."

"నేనైతే నిన్న బిస్కెట్లు తిన్నానమ్మా. చాలా సుఖంగా ఉంది" అన్నాడు కాలేజీకెళ్ళే కొడుకు. తండ్రి ఉరిమి చూసేసరికి, "అంటే, కాస్త నీరసంగా కూడా ఉందిలే" అని సర్దుకున్నాడు.

ఆమె గుడ్లు రెండూ రుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకుని బయటపడింది.

ఆమె పనిచేసేది మంచినీళ్ళ ఫిల్టర్లు అమ్మే ఆఫీసులో. ఫిల్టరు కారుతోందనీ, మోగుతోందనీ, అసలు పలకడం లేదనీ ఫోన్లు చేసేవాళ్ళకి నచ్చజెప్పడం ఆమె ఉద్యోగం. హాల్లో అందరికీ కనిపించేలా కొత్త మోడల్ ఫిల్టరు గోడకి బిగించి ఉంటుంది. వచ్చిన వాళ్ళందరికీ మేనేజరు ఆ నీళ్ళతోనే టీ ఇప్పిస్తాడు. "ఏడాదిగా మేం తాగేది ఇవే. అమృతం!" అంటాడు.

ఆ మధ్యాహ్నం కెటిల్‌లో ఒక గుడ్డు టప్పున పగిలింది. లోపలిదంతా బయటికొచ్చి కెటిల్ అడుగున అట్టకట్టింది. ఆమె రెండో గుడ్డు తినేసి, చెంచాతో గీకి, నీళ్ళు పోసి తిప్పి పారబోసి, మూత పెట్టి వచ్చేసింది. శుభ్రంగానే కడిగాననుకుంది. కెటిల్ అభిప్రాయం వేరు.

సరిగ్గా అప్పుడే రెండు హోటళ్ళున్న ఒక పెద్దమనిషి ఫిల్టర్లు చూడ్డానికి వచ్చాడు. మేనేజరు ఎదురెళ్ళి కూర్చోబెట్టి అమృతం సంగతి చెప్పి టీ తెప్పించాడు. హోటలాయన కప్పు మూతి దాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు.

"ఇదేంటండీ, గుడ్డు వాసనొస్తోంది?"

మేనేజరు ఒక గుక్క తాగాడు. మింగాలో వద్దో తేల్చుకోలేక కాసేపు బుగ్గలోనే ఉంచుకున్నాడు. తర్వాత టెక్నీషియన్‌ని కేకేశాడు. అతను కప్పు వాసన చూసి, డాక్టరు చెడు కబురు చెప్పే గొంతుతో అన్నాడు: "నీళ్ళలో బ్యాక్టీరియా చేరితే ఇలాగే కుళ్ళిన గుడ్డు వాసనొస్తుంది సార్."

"సార్, ఒక్కమాట..." అంటూ ఆమె లేచింది.

"మేడమ్, మీరు ముందు ఫోన్లు చూడండి. ఇలాంటి కంప్లయింట్లు ఇంకెన్ని వస్తాయో!" అన్నాడు మేనేజరు.

టెక్నీషియన్ ఫిల్టరులోంచి చల్లటి నీళ్ళు పట్టి వాసన చూశాడు. ఏమీ లేదు. "చల్లగా ఉన్నప్పుడు దాక్కుంటుంది సార్. కాచితేనే బయటపడుతుంది" అని ఆ నీళ్ళు కెటిల్‌లో పోసి కాచాడు. వాసన గుప్పుమంది. అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. గోదాములోంచి ఇంకో ఫిల్టరు తెచ్చి బిగించి, ఆ నీళ్ళు కాచారు. అదే కెటిల్. అదే వాసన. మూడో ఫిల్టరుదీ అంతే.

"సరుకు మొత్తం పాడైంది!" మేనేజరు తల పట్టుకుని ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు. "లారీలు ఆపండి! ఎక్కించినవి దించండి!"

"సార్, అది నీళ్ళ వల్ల కాదేమో..." అంది ఆమె.

"మేడమ్, మీరు ఊరుకోండి. నన్ను ఊరడించక్కర్లేదు."

నోరు విప్పితే ఉద్యోగం సంగతి అటుంచి ఇంట్లో బాక్సులు ఖాయం. విప్పకపోతే ఫ్యాక్టరీ మూతపడేలా ఉంది. ఆమె అటు కూర్చోలేక, ఇటు నిలబడలేక కొట్టుమిట్టాడుతోంది. ఈలోగా టెక్నీషియన్‌కి ఒక ఆలోచన తట్టింది. కింద దుకాణంలోంచి పోటీ కంపెనీ సీసా నీళ్ళు కొనుక్కొచ్చి కెటిల్‌లో కాచాడు. మేనేజరు ముక్కు పెట్టి ఒక్కసారి పీల్చాడు. మొహం చాటంతైంది.

"వాళ్ళదీ కంపే! మనకంటే ఎక్కువ కంపు!" అంటూ హోటలాయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "చూశారా? మనదే నయం! ఇప్పుడే పేపరు వాళ్ళకి చెప్తాను." ఫోన్ అందుకున్నాడు కూడా.

ఇక లాభం లేదని ఆమె వెళ్ళి ఫోన్ మీద చెయ్యి పెట్టింది. "సార్, అందులో నేను గుడ్లు ఉడకబెట్టాను. ఒకటి పగిలింది."

మేనేజరు ఆమెనీ కెటిల్‌నీ మార్చి మార్చి చూశాడు. "గుడ్లా? మంచినీళ్ళ కంపెనీలోనా? కెటిల్‌లోనా? మేడమ్, మిమ్మల్ని..." అని తిట్టు కోసం వెతుక్కుంటుండగా, గోడ దగ్గర మొదటి ఫిల్టరు విప్పుకుంటున్న టెక్నీషియన్, "సార్..." అన్నాడు నీరసంగా.

అతని చేతిలో నీళ్ళని శుద్ధి చేసే గొట్టం ఉంది. దాని మీద ఫ్యాక్టరీలో చుట్టిన ప్లాస్టిక్ కవరు చెక్కుచెదరకుండా అలాగే ఉంది.

"కవరు తియ్యకుండా బిగించారా?" అన్నాడు హోటలాయన. "మరి ఏడాదిగా మీరంతా తాగింది?"

"కుళాయి నీళ్ళే సార్. పక్కనుంచి వచ్చేశాయి" అన్నాడు టెక్నీషియన్.

"నువ్వు తీశావనుకున్నానయ్యా!" అన్నాడు మేనేజరు.

"మీరు తీయించారనుకున్నా సార్. ఎవరో ఒకరు తీసే ఉంటారని..."

హోటలాయన కడుపుబ్బ నవ్వి, కళ్ళు తుడుచుకుని లేచాడు. "ఫిల్టర్లు కొంటాను. కానీ బిగించేటప్పుడు ఈ మేడమ్ వచ్చి పక్కన నిలబడాలి. ఈ గదిలో చేసింది చేశానని చెప్పింది ఆవిడొక్కరే" అన్నాడు. దొరకబోతున్న తిట్టుని మేనేజరు గుటకేసి మింగేశాడు. సాయంత్రానికి కెటిల్ పైన ఒక కాగితం మాత్రం వెలిసింది: ఇందులో నీళ్ళు తప్ప ఏమీ కాచరాదు.

రాత్రి భోజనాల దగ్గర ఆమె ఏదీ దాచకుండా అంతా చెప్పింది. కొడుకు నవ్వలేక చచ్చాడు. భర్త మొహం వెలిగిపోయింది.

"నే చెప్పలా? వారం కూడా నిలబడలేదు. అయితే రేపట్నుంచి బాక్సులే!"

"బాక్సులే" అంది ఆమె, కూర గిన్నె అతని వైపు జరుపుతూ. "ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను. బాక్సులు కట్టాలన్నారు గాని ఎవరు కట్టాలో షరతులో అనుకోలేదు కదా. కవరు ఎవరో ఒకరు తీస్తారని మా ఆఫీసంతా ఏడాది కూర్చుంది. ఈ ఇంట్లో ఆ ఎవరో ఒకరు ఇన్నాళ్ళూ నేనే. ఆ ఉద్యోగం రేపట్నుంచి మానేస్తున్నాను. ఈ వారం మీరు కట్టండి, వచ్చే వారం వీడు. తర్వాత నా వంతు."

గొంతు పెంచలేదు. పెరుగు వడ్డించినంత మామూలుగా చెప్పింది. కొడుకు నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. భర్త దిక్కుతోచక తల్లి వైపు చూశాడు.

అత్తగారు తాపీగా చెయ్యి కడుక్కుంది. తువ్వాలుతో తుడుచుకుంది.

"నాకూ ఒక బాక్సు కట్టు నాయనా. ఉప్పు కాస్త తగ్గించు" అంది.

ఇంట్లోనే ఉండే మనిషికి బాక్సెందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.