సంతాపం బీరువాలో తెలుగు అరగంట

దేశంలోని పదిహేను భాషలూ ప్రభుత్వ టీవీకి పదిహేను కళ్ళని ప్రసారాల మంత్రి చెన్నకేశవులుగారు ఢిల్లీ సభలో ప్రకటించారు. ఆ పదిహేనింటిలో పద్నాలుగు ఎప్పుడూ మూసుకునే ఉంటాయన్న సంగతి ఎత్తి శుభకార్యాన్ని చెడగొట్టేంత కుసంస్కారులు ఆ సభలో ఎవరూ లేరు. ఇకమీదట ప్రతి భాషకూ ఏడాదికొక అరగంట ఇస్తామన్నారు మంత్రిగారు. అరగంటంటే మాటలా! సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

తెలుగు అరగంట పని ప్రోగ్రాం ఆఫీసరు రామమూర్తిగారి మెడకు చుట్టుకుంది. ఆయన తెలుగువారే కాని ఆఫీసు మనిషి. తెలుగు అరగంటలో తెలుగు వినిపిస్తే మిగతా పద్నాలుగు భాషలవాళ్ళకూ అర్థం కాదు, అర్థం కాకపోతే జాతీయ సమైక్యతకు దెబ్బ అని ఫైల్లో రాసి డైరెక్టరుగారి మెప్పు పొందారు. అంచేత మాటల్లేని తెలుగు కావాల్సొచ్చింది. వెతగ్గా వెతగ్గా ఫిడేలు వాయించే జక్కయ్య దొరికాడు.

జక్కయ్య రైల్వే ఆఫీసులో గుమాస్తా. చిన్నప్పుడు బాపట్ల దగ్గర చర్చి పాటలకు ఫిడేలు పట్టాడు, తరవాత బెజవాడలో ఒక గురువుగారి కాళ్ళ దగ్గర పన్నెండేళ్ళు కూర్చున్నాడు. భార్య ప్రేమకుమారి ఢిల్లీలో ఒక పెద్దాసుపత్రిలో నర్సు. రికార్డింగు రోజున సెలవు పెట్టి వెళ్ళి, అద్దం అవతల నిలబడి కల్యాణి రాగం మొత్తం విని, సిగ్గుపడకుండా ఏడ్చింది.

అది జరిగి ఏడాదిన్నరైంది. మధ్యలో రింగ్ రోడ్డు మీద ఒక బస్సు జక్కయ్య స్కూటర్ని రాసుకుంటూ పోయింది. ప్రాణం దక్కింది కాని ఎడమచేతి వేళ్ళు రెండు వంగడం మానేశాయి. ఫిడేలు మంచం కిందికి చేరింది. మనిషి మాత్రం నిబ్బరంగానే ఉన్నాడు. "ఆ టేపులో బాగానే వాయించాగా, చాల్లే" అనేవాడు. ఆ టేపు మాత్రం ఇంతవరకూ టీవీలో రానేలేదు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఆవిడ అశోకా రోడ్డులో రామమూర్తిగారు భోంచేసే మెస్సుకే వెళ్ళి పట్టుకుంది.

"మా ఆయన కచేరీ ఎప్పుడేస్తారండీ?"

రామమూర్తిగారు సాంబారన్నం కలుపుతూ ఆనందంగా తలూపారు. "మీవారికి గొప్ప హోదా దక్కిందమ్మా. డైరెక్టరుగారు విని కళ్ళు తుడుచుకున్నారు. వెంటనే సంతాపం బీరువాలో పెట్టించారు."

"సంతాపం బీరువా ఏంటండీ?"

"పెద్దవాళ్ళెవరైనా పోతే సినిమా పాటలాపి రోజంతా శాస్త్రీయ సంగీతం వేస్తాం కదా. ఆ టేపులన్నీ ఆ బీరువాలో ఉంటాయి. మీవారిది పై అరలోనే ఉంది."

"మామూలు రోజున వెయ్యకూడదా?"

"మామూలు రోజున శాస్త్రీయ సంగీతమా?" రామమూర్తిగారికి పొలమారింది. "జనం కొడతారమ్మా!"

"మరి ఎవరూ పోకపోతే?"

"ఈ మార్చి ముప్ఫయ్యొకటి దాకా చూస్తాం. ఆ తరవాత టేపు చెరిపేసి ఎరువుల కార్యక్రమానికిస్తారు. టేపులకు మహా కరువుగా ఉంది. మీరు బెంగపడకండి, డెబ్భై దాటినవాళ్ళు పార్లమెంటులో బోలెడుమంది ఉన్నారు."

రామమూర్తిగారి వాక్కు ఊరికే పోలేదు. వారం తిరక్కుండా ప్రసారాల మంత్రి చెన్నకేశవులుగారే గుండె పట్టుకుని పడిపోయారు. తెచ్చి చేర్చింది ప్రేమకుమారి పనిచేసే వార్డులోనే.

ఆ ఆదివారం చర్చిలో తెలుగు ప్రార్థన ముగియగానే, బీరువా సంగతి అప్పటికే తెలిసిన జనం ఆవిడ చుట్టూ మూగారు.

"మంత్రిగారికెలా ఉంది సిస్టర్?"

"కొంచెం తేరుకున్నారండీ."

"అయ్యో!" అన్నారు నలుగురూ ఒక్కసారే. చర్చిలో పెద్దావిడ కాంతమ్మ ఆంటీ ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కెళ్ళింది. "ప్రార్థన చేద్దామని మోకాళ్ళ మీద కూచున్నానే అమ్మాయ్. ఏమని చెయ్యాలో తెలీక లేచొచ్చేశా."

ప్రేమకుమారికి కూడా ఆ పాడు ఆలోచన రాకపోలేదు. మందు గ్లాసు చేతిలో ఉండగానే వచ్చింది. తన మీద తనకే అసహ్యమేసి ఆ రోజునుంచి మంత్రిగారికి రెట్టింపు సేవ చేసింది. తన డ్యూటీ అయిపోయినా కదిలేది కాదు. ఇంటికెళ్తే జక్కయ్య అడిగేవాడు.

"ఎలా ఉన్నారు?"

"ఇవాళ గంజి తాగారు."

"మంచిదేగా," అని గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఉపమంత్రి వెంకటసుబ్బయ్యగారికి కూడా మంత్రిగారి ఆరోగ్యం మీద మహా శ్రద్ధ. రోజూ బుట్టెడు యాపిల్ పళ్ళతో వచ్చి, పళ్ళు మంత్రిగారికీ ప్రశ్నలు డాక్టరుకీ ఇచ్చి వెళ్ళేవారు. మంత్రిగారు రోజురోజుకీ కోలుకుంటుంటే ఆయన రోజురోజుకీ చిక్కిపోయారు. అభిమానమంటే అదీ.

మార్చి మూడోవారం శనివారంనాడు మంత్రిగారు లేచి కూర్చుని ఇడ్లీ తిన్నారు. "నీ చేతిచలవ వల్ల బతికానమ్మా. ఏం కావాలో కోరుకో. క్వార్టరా, ప్రమోషనా?"

ప్రేమకుమారి బీరువా సంగతి చెప్పింది. మంత్రిగారి ముఖం ఎర్రబడింది.

"తెలుగువాడి కచేరీ బీరువాలో ఉందా? నా ప్రకటన ఏం కాను?" అని అక్కడికక్కడే ఫోనందుకున్నారు. "ఏమయ్యా రామమూర్తీ! రేపు సాయంత్రం సినిమా ఆపి, ఆ కచేరీ వెయ్యి."

"సార్, ఆదివారం సినిమా ఆపితే జనం ఇంకోలా..."

"జనానికి అభిరుచి మనం నేర్పకపోతే ఎవరు నేర్పుతారయ్యా!"

ఆదివారం సాయంత్రం పావుతక్కువ ఆరింటికి దేశమంతా సినిమా కోసం టీవీల ముందు చేరింది. నర్సుల క్వార్టర్లలో అరువు తెచ్చిన టీవీ ముందు జక్కయ్యా, కాంతమ్మ ఆంటీ, చర్చిలో సగం మందీ కూర్చున్నారు. జక్కయ్య అనే పేరు ఎలా పలకాలో తెలియక అనౌన్సరమ్మ నోరు మెదపలేదు. సినిమా రావలసిన చోట సరాసరి ఫిడేలు మొదలైంది.

ఆసుపత్రిలో మంత్రిగారి గదిలో ప్రేమకుమారి టీవీకి ఎదురుగా నిలబడింది. తెరమీద ఆ ఎడమచేయి. ఆ రెండు వేళ్ళూ వంగుతున్నాయి, పరుగెడుతున్నాయి. కళ్ళు తుడుచుకుంటే ఎక్కడ ఒక స్వరం తప్పిపోతుందోనని తుడుచుకోలేదు.

మంత్రిగారు అయిదు నిమిషాలు విన్నారు. ముఖం పాలిపోయింది.

"ఎవరమ్మా పోయారు?"

"ఎవరూ పోలేదు సార్. మీరు వెయ్యమన్న కచేరీయే."

"అచ్ఛా, అచ్ఛా." అన్నారు కాని ఆయనకు కుదుట పడలేదు. అంతలో కిటికీ కింద షట్టర్లు దించుతున్న చప్పుడు వినిపించింది. పానువాడు, సమోసావాడు దుకాణాలు కట్టేస్తున్నారు. ఆసుపత్రిలో ఎవరున్నారో వాళ్ళకు తెలుసు. ఫోన్ మోగింది. ప్రేమకుమారి తీసింది.

"అమ్మా, నేను రామమూర్తిని. మంత్రిగారు ఎన్నింటికి పోయారు?"

"పోవడమేంటండీ?"

"పార్టీ ఆఫీసులో జెండా సగానికి దించేశారమ్మా. రేపు స్కూళ్ళకు సెలవట. డైరెక్టరుగారు నా నెత్తిన కూర్చున్నారు. ఆయన పోయుంటే కచేరీ నడపాలి, ఉంటే ఈ పుకారు ఆగేలా తక్షణం ఆపి సినిమా వెయ్యాలి. ఆపితే ఇంక ఇంతే, నెలాఖరుకి టేపు ఎరువులకు వెళ్ళిపోతుంది. ఒక్క మాట చెప్పండి. ఉన్నారా, పోయారా?"

ఇరవయ్యేళ్ళ సర్వీసులో ప్రేమకుమారి రోగి విషయంలో అబద్ధమాడలేదు. తెరమీద జక్కయ్య రాగం ముగించి కృతి ఎత్తుకున్నాడు.

"చూసి చెప్తానండీ. లైన్లో ఉండండి."

"ఎవరమ్మా? ఇలా ఇవ్వు," అని మంత్రిగారు నోరు తెరిచారు. ఆవిడ ఆ నోట్లో థర్మామీటరు పెట్టేసింది.

"మాట్లాడకూడదు సార్. తప్పు చూపిస్తుంది."

ప్రతిపక్షం మొత్తం కలిసి మూయించలేని నోరు మూతపడింది. ఆవిడ ఒక చేత్తో రిసీవరు పట్టుకుని, రెండో చేత్తో మంత్రిగారి నాడి పట్టుకుని, టీవీ చూస్తూ నిలబడింది. అయిదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. అంతసేపు నాడి చూసిన నర్సు వైద్యచరిత్రలో లేదు.

తలుపు తోసుకుని ఉపమంత్రి వెంకటసుబ్బయ్యగారు వచ్చారు. చేతిలో పూలచక్రం, వెనక పదిమంది కార్యకర్తలు, కళ్ళనిండా నీళ్ళు. మంచంమీద మంత్రిగారు థర్మామీటరుతో గుడ్లురిమి చూస్తున్నారు. ఉపమంత్రిగారు ఒక్క క్షణమే తడబడ్డారు. ఆయన ఊరికే అంతవాడు కాలేదు. తలుపు వెనక్కి నెట్టి, కార్యకర్తలను బయటే ఉంచి, ప్రేమకుమారి చేతిలోంచి రిసీవరు తీసుకున్నారు.

"రామమూర్తీ, నేనయ్యా, వెంకటసుబ్బయ్యని. కచేరీ ఆపావో, నీ ఉద్యోగం ఊడుతుంది. అది మంత్రిగారి చివరి ఆజ్ఞ."

ఫోన్ పెట్టేసి, పూలచక్రం మంచం కాళ్ళవైపు జాగ్రత్తగా ఆనించి, మంత్రిగారికి రెండు చేతులా నమస్కారం పెట్టారు. "మీరు విశ్రాంతి తీసుకోండన్నా. తొందర పనుంది," అని వెళ్ళిపోయారు. వరండాలో 'అమర్ రహే' అన్న కేకలు మెట్లు దిగిపోయాయి.

కచేరీ ఒక్క స్వరం తెగకుండా చివరిదాకా నడిచింది. చివర్న తెర మీద జక్కయ్య పేరు పడింది. అప్పుడు ప్రేమకుమారి కళ్ళు తుడుచుకుని, మంత్రిగారి నోట్లోంచి థర్మామీటరు తీసి వెలుగులో చూసింది.

"నార్మల్ సార్. జ్వరం లేదు."

మంత్రిగారు ఫోన్ దగ్గరకు లాక్కుని తన ఆఫీసు గది నంబరు తిప్పారు. ఆదివారమైనా రెండో గంటకే తీశారు. తొమ్మిదేళ్ళుగా ఆయన దగ్గరే పనిచేస్తున్న పీఏ గొంతు గదిలోకి ఖంగున వినిపించింది.

"మంత్రిగారు దండలేయించుకుంటున్నారండీ, బిజీ. రేపు పదింటికి చెయ్యండి. ఇంతకీ తమరెవరు?"

మంత్రిగారు రిసీవరుకు అరచెయ్యి అడ్డంపెట్టి ప్రేమకుమారి వైపు చూశారు.

"ఎవరని చెప్పనమ్మా?" అన్నారు.