మంత్రిగారి నిండు తెర

"ఇకమీదట ప్రజల తెరమీద నలుపనేది కనపడదు!" అని సమాచార మంత్రిగారు ప్రకటించగానే హాలంతా చప్పట్లతో మారుమోగింది. ఏ నలుపో, ఎందుకు కనపడదో ఎవరికీ తెలీదు. తెలిశాక కొట్టే చప్పట్లకి విలువ లేదని అందరికన్నా ముందు గ్రహించినవాడు గొడుగయ్య. అందుకే మొదటి చప్పట్లు ఆయనవి.

గొడుగయ్య అసలు పేరు ఇప్పుడు ఆయన భార్య కూడా తడుముకుంటేగాని చెప్పలేదు. మంత్రిగారు వార్డు మెంబరుగా ఉన్న రోజులనుంచీ ఎండైనా వానైనా ఆయన నెత్తిన గొడుగు పట్టినవాడు. ఏ సభ వీడియో చూసినా మధ్యలో మంత్రిగారు, తెరకి ఎడమపక్క గొడుగయ్య, కుడిపక్క మంత్రిగారి బావమరిది. ఒకరు గొడుగు పడతారు, ఒకరు నవ్వుతారు. ప్రభుత్వం సాఫీగా నడుస్తుంది.

ఇక నలుపు సంగతి. వార్డు వార్డుకీ ఒక టీవీ పెట్టించి, తన సేవల వీడియోలు జనానికి చూపించాలని మంత్రిగారు సంకల్పించారు. టీవీలు బావమరిది కొట్టునుంచి వచ్చాయి. లోకమంతా ఎప్పుడో పారేసిన పెట్టెలాంటి చదరపు టీవీలు.

"ఎంత గట్టివో చూడండి బావగారూ! ఎక్కి నిలబడొచ్చు."

మంత్రిగారు ఎక్కి, నిలబడి, దిగి సంతకం పెట్టారు. వీడియోలేమో వెడల్పుగా తీసినవి. మొదటి టీవీ మీట నొక్కగానే బొమ్మ చిక్కిపోయి, మంత్రిగారి తలపైన ఒక నల్ల పట్టీ, కాళ్ళకింద ఇంకో నల్ల పట్టీ ప్రత్యక్షమయ్యాయి.

"నల్లజెండాలా?" అన్నారు మంత్రిగారు. "నా శాఖలోనే నామీద నిరసనా?"

వీడియో గది మేడాన్ని పిలిపించారు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "నిరసన కాదు సార్, ఖాళీ. టీవీ చదరం, వీడియో వెడల్పు. వెడల్పు టీవీలు కొంటే సరిపోతుంది," అంది.

బావమరిది దగ్గాడు. ఆ దగ్గులోని పరిపాలనాపరమైన ఇబ్బందిని మంత్రిగారు చటుక్కున అర్థం చేసుకున్నారు.

"టీవీల జోలికి పోవద్దమ్మా. వీడియోలు మార్చు."

"అయితే పక్కలనుంచి నొక్కాలి, లేదా పక్కలు కోసెయ్యాలి."

ముందు నొక్కి చూశారు. మంత్రిగారి పొట్ట లోపలికి పోయింది. మెడ సాగింది. ఆయన చాలాసేపు మురిపెంగా చూసుకుని, "నా మనసులో నేనెప్పుడూ ఇలాగే ఉంటాను," అన్నారు. కానీ వెనకాల సర్కారు సాయం అందుకుంటున్న జనం కూడా పుల్లల్లా ఎండిపోయారు.

"ఇది సాయం అందకముందు తీసిందా?" అడిగాడు శాఖ కార్యదర్శి.

"అందాక తీసిందేనండీ."

"కోసెయ్యండి."

అటూ ఇటూ సమానంగా కోసి, మధ్యముక్క ఉంచారు. ఆ మధ్యముక్కలో మంత్రిగారు తెరనిండా పొంగి నిలిచారు. "ఇదీ నిండు తెరంటే! ఇన్నాళ్ళూ నన్ను నాకే తగ్గించి చూపించారు కదయ్యా!" అని కళ్ళొత్తుకున్నారు. తర్వాత పరకాయించి చూసి, "గొడుగు దానంతటదే నా నెత్తిమీద నిలిచింది, చూశావా?" అని గొడుగయ్యనే అడిగారు.

"తమరి ప్రభావం సార్," అన్నాడు గొడుగయ్య. అంటుంటే నాలుక ఎండిపోయింది.

ఎండక ఏం చేస్తుంది? కార్పొరేషన్ ఛైర్మన్ పదవి ఖాళీగా ఉంది. దానికి ఎడమపక్క గొడుగయ్య, కుడిపక్క బావమరిది కాచుకుని ఉన్నారు. ఎవరికీ కాదనలేని మెత్తని మనసుగల మంత్రిగారు, "పక్షపాతం నా రక్తంలో లేదు. పార్టీ పెద్దల ముందు వీడియోలు వేస్తాం. తెరమీద కనపడనివాడు సేవలో లేనట్టే," అని తీర్పు చెప్పేశారు.

ఆ సాయంత్రం గొడుగయ్య ఇంటికి వెళ్ళేసరికి భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏవండీ, చెల్లెలు వాళ్ళందర్నీ పిలిచి వార్డు టీవీ ముందు కూర్చోబెట్టానే, మీరేరీ?"

"గొడుగు కింద చెయ్యి కనపడలా? అది నాదే."

"నాకు తెలీదా? ఆ వాచీ కొన్నది నేనే. మా మరిదే, మంత్రిగారికి మూడు చేతులా వదినా అని అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"మంత్రిగారు కదా, ఉంటాయన్నాను." ఆవిడ గొడుగు అందుకుని మూల పెట్టింది. "పెళ్ళయిన నాటినుంచీ మీరు ఇంట్లో లేరు. పోన్లే, టీవీలో ఉన్నారు, అక్కడ చూసుకుంటున్నానని సరిపెట్టుకున్నాను. ఇప్పుడు అక్కడా లేకపోతే నేనెక్కడ చూసుకోనండీ?"

గొడుగయ్య తెల్లారగానే వీడియో గదికి పరిగెత్తాడు.

"అమ్మా, కోసే చట్రం కాస్త ఎడమకి జరపండి."

"జరిపితే బావమరిదిగారు పోతారు."

"ప్రజాసేవలో ఎవరో ఒకరు పోక తప్పదు కదమ్మా!"

ఆవిడ జరిపింది. మధ్యాహ్నం బావమరిది వచ్చాడు.

"చట్రం కుడికి జరగాలి."

"గొడుగాయన పోతారండీ."

"పోనివ్వండి. గొడుగుంటుందిగా?"

ఆవిడ మళ్ళీ జరిపింది. వారమంతా చట్రం అటూ ఇటూ ఊగింది. ఆఖరికి ఇద్దరూ వేరువేరుగా వెళ్ళి మంత్రిగారి ముందు కన్నీళ్ళు పెట్టుకున్నారు. మంత్రిగారు ఇద్దరికీ మాటిచ్చారు. వీడియో గదికి ఫోన్ చేసి "గొడుగయ్య ఉండాలి" అన్నారు. టీ తాగి, మళ్ళీ చేసి "మా బావమరిదీ ఉండాలి" అన్నారు.

"అందరూ పట్టరు సార్. తెరమీద చోటు చాలదు."

"చోటు చాలదనే మాట నా హయాంలో వినపడకూడదు! ఎక్కడో అక్కడ కొయ్యి!"

ఆవిడ ఎక్కడో అక్కడ కోసింది.

పార్టీ పెద్దలు వచ్చి కూర్చున్నారు. వంతెన ప్రారంభోత్సవం మొదలైంది. తెరమీద ఎడమవైపు ఆపాదమస్తకం గొడుగయ్య. కుడివైపు ఆపాదమస్తకం బావమరిది. మధ్యముక్క తీసేసి రెండు కొసలూ అతికితే ఇద్దరూ భుజం భుజం రాసుకుని నిలబడ్డారు. అతుకు ఎంత నున్నగా కుదిరిందంటే, గొడుగు తిన్నగా బావమరిది నెత్తిమీదికి వచ్చింది. రిబ్బను దానంతటదే తెగి పడింది. మంత్రిగారి ఉపన్యాసం వినపడుతుంటే బావమరిది పెదవులు నవ్వుతూ కదిలాయి. ఆసుపత్రిలో అంతే. వరద ప్రాంతాల్లో అంతే. బళ్ళో పిల్లలు ఎవరూ లేనిచోటికి పూలగుత్తి చాపితే, అది గొడుగు కిందికే వెళ్ళింది.

వాళ్ళలో పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంత సేవ చేసిన మనిషిని ఇన్నాళ్ళూ పక్కన పెట్టామా?"

మంత్రిగారు కుర్చీలోంచి లేచిపోయారు. "అక్కడున్నది నేనండీ!"

"ఎక్కడ?"

"మధ్యలో!"

పెద్దాయన వీడియో వెనక్కి తిప్పించి జాగ్రత్తగా చూశాడు. "మధ్య అంటూ ఏమీ లేదే. తెర నిండుగా ఉంది. ఇందులో మీకు చోటెక్కడ?"

"గొడుగయ్యా! నువ్వు చెప్పు. ఇన్నేళ్ళూ ఎవరి నెత్తిన పట్టావు?"

అందరూ అటు తిరిగారు. గొడుగయ్య మంత్రిగారి వైపు చూశాడు. తర్వాత తెరవైపు చూశాడు. అక్కడ తను తలనుంచి బూట్లదాకా ఉన్నాడు. నిజం చెబితే ఆ వీడియోలు తప్పవుతాయి, చట్రం మళ్ళీ జరుగుతుంది. రేపు భార్య మళ్ళీ అందర్నీ పిలిచి కూర్చోబెడుతుంది.

"తెరమీద ఉన్నదే కదండీ," అన్నాడు మెల్లగా.

పొద్దుగూకేలోపు బావమరిది మంత్రి అయ్యాడు. ఛైర్మన్ సంగతి ఎవరో గుర్తుచేశారు. కొత్త మంత్రిగారు గొడుగయ్య భుజం తట్టి, "నువ్వు ఛైర్మన్‌వైతే నాకు గొడుగెవరు పడతారయ్యా?" అని, ఆ పదవి తన బావమరిదికి ఇచ్చారు.

బయట వాన. కొత్త మంత్రిగారు మెట్లమీదికి రాగానే గొడుగయ్య గొడుగు విప్పాడు. కెమెరామన్ ముందుకొచ్చాడు.

"సార్, ఇకనుంచి చదరంగానే తీయమన్నారు. గొడుగాయనా, గొడుగక్కడే ఉంచి మీరు మాత్రం అవతలికి జరగండి. ఇంకాస్త. ఆఁ, ఇంకాస్త."

గొడుగయ్య చెయ్యి బారచాపి, జరగ్గలిగినంత జరిగాడు. వాన నెత్తిమీద పడుతోంది. పక్కన ఎవరో తగిలారు. పాత మంత్రిగారు. ఆయనా తడుస్తున్నారు. జుట్టు సర్దుకుని, మెడ నిక్కించి, గొడుగయ్య చెవి దగ్గరికి వంగారు.

"ఇక్కడ నిలబడితే తెరమీద పడతామంటావా?"