పద్ధతి ప్రకారం కుళ్ళని అరటి

నష్టపోవడం ఏ రైతుకైనా చేతనవును. పద్ధతి ప్రకారం నష్టపోవడమే అందరికీ చేతకాదు. కొల్లూరు లంకలో అరటి వేసే సామ్రాజ్యం అనే ఆవిడకి ఈ తేడా తెలియక చిక్కొచ్చిపడింది.

కరోనా వచ్చిన తొలి ఎండాకాలం. పాడిగేదెను అమ్మి పెంచిన తోటలో గెలలన్నీ పక్వానికొచ్చేసరికి లారీలు ఆగిపోయాయి, తెనాలి మార్కెట్టు మూతపడింది. పక్కతోట బాలస్వామి గెలల్ని చెట్లమీదే వదిలేసి ఇంట్లో కూర్చున్నాడు. సామ్రాజ్యానికి మనసొప్పలేదు. గెలలు కోయించి, ట్రాక్టరు మీద వేయించి, రేపల్లె దారిలో పనుల్లేక పస్తులుంటున్న కూలీల పేటలో పంచిపెట్టింది.

"దేవుడిచ్చిన పంటని కుళ్ళబెట్టుకుంటామా?" అంది. (ఇది నిబంధనలు తెలుసుకోకుండా తీసుకున్న నిర్ణయమని తరవాత ఫైల్లో నమోదైంది.)

ఆ మీదట ప్రభుత్వం కరోనా పంట నష్టానికి సాయం ప్రకటించింది. గేదెను మళ్ళీ కొనుక్కోవచ్చన్న ఆశతో సామ్రాజ్యం దరఖాస్తు పెట్టుకుంది. దాన్ని తెనాలి ఆఫీసులో జాగ్రత్తగా దాచారు. ఇంతలో జిల్లాలు విడిపోయి కొల్లూరు బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. ఊరు ఒక్క పూటలో జిల్లా మారింది గాని, ఫైలు మారడానికి చాలా కాలమే పట్టింది. (ఊరికి బరువుండదు.) జనం కరోనా సంగతే మరిచిపోయాక, నష్ట నిర్ధారణాధికారి శ్రీకర్ మాస్కు పెట్టుకుని తోటకొచ్చాడు. మంచి మర్యాదస్తుడు.

పచ్చటి తోటంతా కలియదిరిగి, "నష్టం కనపడట్లేదేంటండీ?" అన్నాడు.

"అది అప్పటి పంట కదు బాబూ. పంచిపెట్టేశాను."

"అంటే, జనం తిన్నారా?"

"తినరా మరి? ఆకలి మీదున్నోళ్ళు."

"అయ్యో!" శ్రీకర్ నిజంగానే నొచ్చుకున్నాడు. "తింటే నష్టం కాదండీ, వినియోగం. బాలస్వామిగారి తోట చూడండి. ఒక్క పండు కూడా ఎవరి నోట్లోకీ పోలేదు. ఫోటోలున్నాయి. చక్కటి నష్టం."

బాలస్వామికి సాయం అందింది. సిగ్గుపడుతూ వచ్చి, "నేనేం చేశానక్కా, ఏమీ చెయ్యలేదు" అన్నాడు.

"అందుకేనంట్రా ఇచ్చింది" అంది సామ్రాజ్యం.

శ్రీకర్ జాలిపడి ఓ దారి చెప్పాడు. పళ్ళు ఉచితంగానే ఇచ్చిందని తిన్నవాళ్ళు రాసిస్తే పై కమిటీ పరిశీలిస్తుందట. సామ్రాజ్యం పేటకు వెళ్ళింది. అప్పట్లో నిండుచూలాలైన కృపారాణి ఎదురొచ్చి చేతులు పట్టుకుంది.

"ఆ పళ్ళు తినే కదు పిన్నీ ఇంటిల్లిపాదీ బతికింది! ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాం సంతకం."

పేటంతా సంతకాలు పెట్టింది. కృతజ్ఞత పట్టలేక కొందరు 'పళ్ళు తియ్యగా ఉన్నాయి' అని కూడా రాశారు.

బాపట్లలో కమిటీ కూర్చుంది. పంట వినియోగదారులకు చేరినట్టు, రుచి సంతృప్తికరంగా ఉన్నట్టు దరఖాస్తుదారే సాక్ష్యాలతో నిరూపించినందున నష్టం లేదని తేల్చింది. లాక్‌డౌన్‌లో అనుమతి లేకుండా సరుకు తరలించినందుకు ఆమెను సంజాయిషీ కోరింది. సామ్రాజ్యం ఆ కాగితం చదివించుకుని, ఖాళీ గేదెల కొట్టంలో చాలాసేపు కూర్చుంది. ఏడవడానికి కూడా ఏదైనా అనుమతి కావాలేమోనని అనుమానమొచ్చింది.

తరవాతి ఏళ్ళలో ఒకసారి కృష్ణ పొంగి లంకలు మునిగాయి. ఊళ్ళోవాళ్ళంతా కరకట్ట మీదికి చేరారు. సామ్రాజ్యం పడవ మీద కొన్ని పండు గెలలు తెచ్చి పక్కన పెట్టుకుంది. అధికారులొచ్చి నష్టానికి ఫోటోలు తీసుకునేదాకా ఏ పంటనూ కదిలించవద్దని మైకులో చెప్పారు. మధ్యాహ్నమైనా ఎవరూ రాలేదు. పొద్దుటినుంచీ ఏమీ తినని పిల్లలు గెలలకేసి చూస్తున్నారు.

ఆమె కాసేపు రోడ్డుకేసి చూసింది. లేచి కత్తి తీసి, గెలలు హస్తాలుగా కోసి పిల్లల చేతుల్లో పెట్టింది.

"తినండమ్మా" అంది. "ఎవరన్నా వచ్చి అడిగితే మాత్రం కుళ్ళిపోయినయ్యని చెప్పండి."