కట్టేసిన కొళాయి

ఆ ఉదయం గురుమూర్తి వేసుకున్న పథకం చాలా చిన్నది. గుడికి పోయి దండం పెట్టుకోవడం, కూతురు పనిచేసే మ్యూజియం ఒకసారి చూసేయడం, ఎవరితోనూ మాటపడకుండా సాయంత్రం రైలెక్కి సొంతూరు పామిడి చేరడం. బజారులో ఏళ్ళ తరబడి బట్టల కొట్టు నడుపుతున్నా ఆయనకు భయాలు ఎక్కువ. కొట్టుకు తాళం వేసి నాలుగడుగులు నడుస్తాడు, మళ్ళీ వెనక్కి వచ్చి తాళం లాగి చూస్తాడు. పెన్నలో ఇసుక చూసి పెరిగిన ఆ కళ్ళకు, కూతురి గది కిటికీలోంచి కనబడే సముద్రం ఇంకో భయం. "అన్ని నీళ్ళు ఒకే తావున ఉండేది మంచిది కాదు," అని వచ్చిన దగ్గర్నుంచి అంటూనే ఉన్నాడు.

అసలు భయం వేరే ఉంది. కూతురు లక్ష్మీప్రసన్నకు ఆ మ్యూజియంలో ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. పనితనం చూడటానికి పెట్టిన గడువు ఆరోజుతో ముగుస్తుంది. పైగా ఆమె చూసుకునే గదిలోని కళాఖండాన్ని తయారుచేసిన పద్మప్రియ గారు, డైరెక్టరు గారితో కలిసి ఆ పూటే చూడటానికి వస్తున్నారు.

"నాయనా, ఒకటే మాట. ఆడ ఏదీ ముట్టొద్దు," అంది లక్ష్మీప్రసన్న జడ వేసుకుంటూ.

"నేనేం ముడతానమ్మా? మీ అమ్మకు చెప్పు."

"అమ్మకూ చెప్తాండా. గోడకు ఆనుకోవద్దు. కుర్చీ కనపడితే కూచోవద్దు. అది కుర్చీ కాకపోవచ్చు."

గురుమూర్తికి చెమట పట్టింది. "కుర్చీ కాకుంటే ఇంకేమి?"

"కళ."

"కళయితే మాత్రం కూచుంటే కుచ్చుకుంటుందా?" అంది సుమిత్రమ్మ, కుంకుమ భరిణె, పసుపుకొమ్ములు సంచిలో సర్దుకుంటూ. ఆమెకు లోకంలో భయపడవలసిన వస్తువు ఇంతవరకు తగల్లేదు. ఇంట్లో భయమంతా ఒక్క మనిషే పడుతున్నప్పుడు రెండో మనిషికి ఆ అవసరం ఏముంటుంది?

గుడిలో దర్శనం బాగా జరిగింది. కొత్త పసుపురంగు తువాలు భుజాన వేసుకుని, నుదుట బొట్టుతో, గురుమూర్తి కొండ ఎక్కి మ్యూజియం లోపలికి అడుగుపెట్టాడు. గోడలన్నీ అద్దాలు. ఆ అద్దాల అవతల సముద్రం, తప్పించుకునే దారి లేకుండా మూడు వైపులా ఉంది. మొదటి గదిలో చిరిగిన వల ఒకటి వేలాడుతోంది. రెండో గదిలో తుప్పు పట్టిన తలుపు ఒకటి పడుకుని ఉంది. ప్రతి దానికీ పక్కనే 'ముట్టుకోరాదు' అన్న పలక. గురుమూర్తి చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. పై మూలలో కెమెరా కనబడితే దానికి కూడా ఒక నమస్కారం పెట్టి, మళ్ళీ చేతులు కట్టుకున్నాడు.

"ఇదో, ఈ తలుపు మన కొట్టు వెనకాల పారేసిన దాని మాదిరే ఉండాది," అంది సుమిత్రమ్మ గట్టిగా.

"మెల్లగా మాట్లాడే తల్లీ! ఎవరన్నా ఇంటే పాప ఉద్యోగం పోతుంది."

సుమిత్రమ్మ, అక్కడికి బస్సులో యాత్రకు వచ్చిన ఆడవాళ్ళతో మాటల్లో పడి సముద్రం చూస్తూ నిలబడిపోయింది. గురుమూర్తి ఒక్కడే మూడో గదిలోకి వెళ్ళాడు. అదే కూతురు చూసుకునే గది. లోపల ఎవరూ లేరు.

గది నడుమ నేలలోంచి ఒక ఇత్తడి కొళాయి నిలబడి ఉంది. మన వీధుల్లో ఉండే కొళాయే. దాని కింద బిందె. కొళాయి ధారగా పారుతోంది. బిందె ఎప్పుడో నిండిపోయి, నీళ్ళు పొర్లి, నేలమీది సన్నటి కాలువ గుండా బయటకు పోయి, కొండ దిగి సముద్రంలో పడుతున్నాయి.

గురుమూర్తి గుండె పట్టుకున్నాడు. ఎండాకాలంలో వాళ్ళ వీధికి మూడు రోజులకొకసారి, గంటసేపు నీళ్ళు వస్తాయి. ఆ గంటలో వీధంతా బిందెలతో బారులు తీరుతుంది. కొళాయిని చుక్క పడకుండా కట్టేసి గుడ్డపీలిక బిగించి కట్టిరావడం ఆ ఇంట్లో ఆయన పని. మంచినీళ్ళు తీసుకుపోయి సముద్రంలో పోయడమా! దేవుడు నీళ్ళ పంపకంలో ఏదో పొరపాటు చేశాడేమో అని ఒక్క క్షణం అనిపించింది. వెంటనే లెంపలు వేసుకున్నాడు. కానీ ఆ లెంపలు వేసుకున్న చేతులే తిరిగి వెనక్కి పోలేదు. అవి ఆయన్ను అడక్కుండానే ముందుకు పోయి, కొళాయిని కట్టేశాయి.

ఇంకా చుక్క చుక్క పడుతోంది. తువాలు అంచు చించి, నాలుగు చుట్లు చుట్టి, పామిడి ముడి వేశాడు. చుక్క ఆగింది. మనసు చల్లబడింది.

అప్పుడు గదిలో నిశ్శబ్దం వినిపించింది. అంతసేపూ వినబడిన ధార చప్పుడు లేకపోయేసరికి సముద్రం హోరు గదిలోకి వచ్చినట్టయింది. గురుమూర్తి బిక్కచచ్చిపోయి చుట్టూ చూశాడు. ఈ గదిలో పలక లేదు. ఒక్కటి కూడా లేదు. అది ఆయన్ను ఇంకా భయపెట్టింది. అందరికీ తెలిసిన మహాపాపానికి పలక ఎందుకు పెడతారు?

"కసాపురం ఆంజనేయా, వడమాల వేయిస్తా," అని మొక్కి ముడి విప్పబోయాడు. తడిసిన ముడి రాలేదు. గోరు విరిగింది. ఇంతలో అడుగుల చప్పుడు. ఆయన గోడ దాకా పోయి, ఆనుకోకూడదని గుర్తొచ్చి, గోడకు జానెడు దూరంలో నిటారుగా నిలబడ్డాడు.

వచ్చింది హేమ, అక్కడి కాపలా అమ్మాయి. "అయ్యో, నీళ్ళు ఆగిపోయాయేంటి! మోటారు పోయినట్టుంది!" అని అరిచి, కొళాయి వైపు చూడకుండానే మెకానిక్కు కోసం పరుగెత్తింది. కళాఖండాన్ని ఎవరైనా చేత్తో కట్టేస్తారన్న ఊహ ఆ మ్యూజియంలో ఎవరికీ రాదు.

ఆ వెనకే సుమిత్రమ్మ వచ్చింది. కొళాయికి కట్టిన పసుపు పీలిక చూసి ఆగిపోయింది.

"ఇదో, ఈడ ముడుపులు కడతాండారా? నాకు చెప్పలేదే?"

గురుమూర్తి విరిగిన గోరు వెనక్కి దాచుకున్నాడు.

"నీళ్ళ దేవత అయ్యుంటుంది. గంగమ్మ తల్లి," అని తానే తీర్మానించి, కొళాయికి కుంకుమ పెట్టి, చీర కొంగు చివర పసుపుకొమ్ము కట్టి, ఆ ముక్క చించి, మొగుడి ముడి పక్కనే ఇంకో ముడి వేసింది. "పాప ఉద్యోగం నిలబడాల తల్లీ," అని కళ్ళు మూసుకుంది.

ఆమె వెనకే వచ్చిన బస్సు ఆడవాళ్ళు ఊరుకుంటారా? "ఏం కోరుకుంటే అవుతుందండీ?" అని అడిగింది ఒకామె. "ఏదైనా అవుతుంది," అంది సుమిత్రమ్మ ఎంతో నమ్మకంగా. క్షణాల్లో కొళాయి కనబడకుండా పోయింది. జడ రిబ్బన్లు, దారపు పోగులు, ఒకామె చంటిపిల్లవాడి మొలతాడు. బిందెలో చిల్లర పడుతున్న చప్పుడు. ఎవరో హారతికి కర్పూరం ఉందా అని అడుగుతున్నారు.

లక్ష్మీప్రసన్న వచ్చి గుమ్మంలో కొయ్యబారిపోయింది.

"నాయనా! ఏమిది? నువ్వేమన్నా ముట్టినావా?"

"నేనా? నేనేం ముట్టలే," అన్నాడు గురుమూర్తి. గుడి బొట్టు ఇంకా ఆరనేలేదు, అబద్ధం వచ్చేసింది. "ఆంజనేయా, వడమాలతో పోదు. పామిడి నుంచి కసాపురం దాకా నడిచి వస్తా," అని మొక్కు పెంచాడు.

గోడ వెనకాల మెకానిక్కు మోటారు విప్పి, బిగించి, దోషమేమీ దొరక్క, ఎందుకైనా మంచిదని దాని బలమంతా పెంచి వేశాడు. నీళ్ళు కొళాయి దాకా వచ్చాయి. అక్కడ రెండు జిల్లాల ముడులు కట్టి ఉన్నాయి. దారిలేక వెనక్కి తిరిగాయి. గోడలో గొట్టం అతుకు ఫట్టున ఊడింది. సరిగ్గా ఆ సమయానికే డైరెక్టరు గారు, "ఇదేనండి, మా మ్యూజియం మొత్తానికి అతి ప్రశాంతమైన గది," అంటూ పద్మప్రియ గారిని లోపలికి తీసుకొచ్చారు.

ధార నేరుగా ఆయన ఛాతీమీద పడింది. కళ్ళద్దాలు కొట్టుకుపోయి కాలువలో పడి, సముద్రం దారి పట్టాయి. ఆడవాళ్ళు "గంగమ్మ వచ్చింది!" అని చేతులెత్తి దండం పెట్టారు.

మెకానిక్కు మోటారు ఆపాడు. ఆ తరవాత డైరెక్టరు గారు నీళ్ళు కారుతూ అన్నారు: "లక్ష్మీప్రసన్నా, ఈ గది బాధ్యత నీది. ఎవరు చేశారిది? చెప్పలేవు కదూ? అయితే నువ్వు రేపట్నుంచి రానక్కర్లేదు."

కూతురు తలవంచుకుంది. ఏడవలేదు, ఎవరి పేరూ చెప్పలేదు. తండ్రి వైపు ఒక్కసారి చూసి చూపు తిప్పుకుంది. పాపకు తెలుసని గురుమూర్తికి అర్థమైంది. ఇంతసేపూ కెమెరాకు, పోలీసులకు, దేవుడికి భయపడిన మనిషికి, అన్నిటికంటే పెద్ద భయం అప్పుడు పట్టుకుంది. ముందుకు వచ్చాడు.

"సార్, నేను కట్టేసినా. పాపకు తెల్దు. నీళ్ళు ఊరికే పోతాంటే నా చేత సూడ్డానికి కాలే. మాది పామిడి. జైల్లో పెడితే నన్ను పెట్టండి."

"మొదటి ముడే ఆయనది. రెండోది నాది," అంది సుమిత్రమ్మ, వాటా వదులుకోకుండా.

పద్మప్రియ గారు కొళాయి దగ్గరకు పోయి, ముడులన్నీ ఒక్కొక్కటే తాకి చూశారు. "ఇక్కడ ముట్టుకోవద్దని ఏమైనా రాసి ఉందా అండీ?" అని అడిగారు.

"లేదమ్మా. అందుకే ఇంగా భయమైంది."

"నేనే రాయొద్దన్నాను. ఎవరో ఒకరు కట్టేస్తారేమోనని. ఇంతవరకు అందరూ ఫొటోలే తీసుకున్నారు." ఆమె డైరెక్టరు వైపు తిరిగారు. "మన ఒప్పందం గుర్తుందిగా? కట్టేసినవాళ్ళే మళ్ళీ తిప్పాలి. ఎప్పుడు తిప్పాలో వాళ్ళ ఇష్టం. మనం చెయ్యి వెయ్యకూడదు."

డైరెక్టరు గారి మొహం పాలిపోయింది. "మరి వచ్చేవారం ఢిల్లీ నుంచి అతిథులొస్తున్నారండీ! ఎండిపోయిన కొళాయి చూపించమంటారా?" అని, ఒక్క అంగలో గురుమూర్తి చేతులు పట్టుకున్నారు. "సార్, పెద్దవారు. ఒక్కసారి తిప్పేయండి సార్."

గురుమూర్తికి తనను ఎవరో సార్ అంటున్నారని తెలియడానికి కొంతసేపు పట్టింది. "తిప్పితే మళ్ళా సముద్రంలోకే కదా పోయేది? నాకు పాపం సార్. నేను తిప్పలేను."

"అమ్మా ప్రసన్నా, మీ నాన్నగారికి చెప్పమ్మా. నీ ఉద్యోగం ఖాయం. ఇప్పుడే ఖాయం."

గది మొత్తం ఆయన వైపే చూస్తోంది. ఒక పక్క కూతురి ఉద్యోగం. ఇంకో పక్క బిందె పొర్లే పాపం. కూతురు మెల్లగా, "నాయనా, నీకు కాకుంటే వద్దులే," అంది. గురుమూర్తి కళ్ళు మూసుకుని ఆంజనేయుణ్ణి అడిగాడు. ఆయన ఏమీ చెప్పలేదు. పెద్ద విషయాల్లో దేవుళ్ళు ఎందుకో మనకే వదిలేస్తారు.

చివరికి, "తిప్పుతా," అన్నాడు. "కానీ మా ఊరి లెక్క. మూడు దినాలకొకసారి, గంటసేపు. ఆ నీళ్ళు బిందెలకు పట్టుకుని తాగేవాళ్ళకు ఇయ్యాల. చుక్క సముద్రానికి పోగూడదు. పాపే తిప్పుతుంది, పాపే కట్టేస్తుంది. నా తరఫున."

డైరెక్టరు గారు ఒప్పుకున్నారు. తడిసిన మనిషి బేరం ఆడలేడు.

రోజంతా నీళ్ళు పారినన్నాళ్ళూ ఎవరూ నిలబడని ఆ గదికి, ఇప్పుడు ఆ ఒక్క గంట కోసం జనం ముందే టికెట్లు కొని బిందెలతో వస్తున్నారు. అయితే కొళాయి దగ్గర తగవులు మాత్రం ఇంకా పామిడి స్థాయికి రాలేదని లక్ష్మీప్రసన్న అభిప్రాయం.