మూడో కౌంటరుకు వీడ్కోలు

ఆ మంగళవారం రోజ్విటా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటి బస్సెక్కాలి, రెండు పళ్ళేల ప్లమ్ కేకును ఆఫీసు వంటగదిలో దించేయాలి, ఎనిమిదింటికల్లా మూడో కౌంటరు వెనక తన కుర్చీలో కూర్చోవాలి. ఇందులో పొరపాటు జరగడానికి సందెక్కడుందో ఆ దేవుడికే తెలియాలి.

ఎల్స్టర్‌రోడ అనే ఊరి పురపాలక కార్యాలయంలో మూడో కౌంటరంటే పెన్షన్ల కౌంటరు. ఊళ్ళో ఎవరు ఎన్నేళ్ళు చందా కట్టారో, ఎవరు ఏ నెలలో పని మానవచ్చో ముప్ఫై ఏళ్ళుగా అక్కడ కూర్చుని చెబుతున్నది రోజ్విటాయే. ఆమెకు అరవై నాలుగు నిండి ఎనిమిది నెలలైంది. పదహారో ఏట పనిలో చేరిన మనిషి కనుక నలభై అయిదేళ్ళ చందా ఎప్పుడో పూర్తయింది. ఒక్క సెంటు కోత లేకుండా రేపే ఇంటికి వెళ్ళిపోవచ్చు. కానీ ఆ మాట ఎవరైనా ఎత్తితే ఆమె ముఖం మాడ్చుకునేది.

కారణం ఆమె భర్త డెట్లెఫ్. ఆరోగ్య బీమా ఆఫీసులో గుమాస్తాగా చేసి మూడేళ్ళ క్రితం రిటైరయ్యాడు. మొదటి నెలంతా నిద్రపోయాడు. రెండో నెల వంటింట్లో అడుగుపెట్టాడు, ఇక బయటికి రాలేదు. డబ్బాలన్నిటికీ చీటీలు అంటించాడు. గిన్నెలు కడిగే మెషిన్లో చెంచాలు ఏ దిక్కుగా పెట్టాలో బొమ్మ గీసి గోడకు తగిలించాడు. ఆమె కాఫీ కలుపుకుంటుంటే వెనక నిలబడి "ఆ చెంచాతో కాదు" అనేవాడు. మంచివాడే పాపం. కానీ సాయంత్రం అయిదు నుంచి రాత్రి పది వరకు భరించగలిగినంత మంచివాడు. పొద్దున్నుంచీ అతనితో ఒకే గదిలో ఉండాలన్న ఊహకే ఆమె గుండె జారిపోయేది. మామూలు రిటైర్మెంటు వయసైన అరవై ఏడు దాకా, వీలైతే ఆ పైన కూడా, ఆ కుర్చీని వదిలేది లేదని ఆమె ఒట్టు పెట్టుకుంది.

ఆ ఏడు పెరట్లో ప్లమ్ చెట్టు విరగకాసింది. డెట్లెఫ్ జామ్ చేశాడు. ఊళ్ళో సీసాలు దొరకడం మానేశాక కేకుల మీద పడ్డాడు.

"ఈ రెండు పళ్ళేలూ ఇవాళ ఇంట్లోంచి కదలాలి. నా పట్టిక ప్రకారం ఫ్రిజ్‌లో వీటికి చోటు లేదు," అన్నాడు పొద్దున్నే.

"నీ పట్టికలో నాకైనా చోటుందా?" అని రోజ్విటా పళ్ళేలు చేత పట్టుకుని బస్సెక్కింది. ఆఫీసు వంటగదిలో బల్ల మీద వాటిని దించి, పక్కన కత్తి పెట్టి, కౌంటరు తెరవడానికి పరుగెత్తింది.

అక్కడే పడింది ముడి. ఆ ఆఫీసులో కేకు ఊరికే రాదు. పుట్టినరోజు ఎవరిదో వాళ్ళే తెచ్చుకోవాలి. ఉద్యోగం మానేవాళ్ళు ఆఖరి రోజున వాళ్ళే తెచ్చి అందరికీ పెట్టాలి. వేరే కారణముంటే పక్కన చీటీ పెట్టాలి. ఇది ఎక్కడా రాసిలేదు, అందుకే ఎవరూ తప్పరు. ముప్ఫై ఏళ్ళుగా తప్పనిది రోజ్విటా కూడా. కానీ ఆ ఉదయం ఆమె తల నిండా డెట్లెఫ్ పట్టికే తిరుగుతోంది.

ఎనిమిదింబావుకు రెండో కౌంటరు సిల్కే కాఫీకి వచ్చి పళ్ళేలు చూసింది. రోజ్విటాతో ఇరవై ఏళ్ళుగా పక్కపక్క కౌంటర్లలో కూర్చున్న సిల్కేకు ఆ పళ్ళేలు ఎవరివో చెప్పాల్సిన పని లేదు. ఫ్రిజ్ తలుపు మీది పుట్టినరోజుల జాబితా చూసింది. రోజ్విటాది జనవరి. ఇది సెప్టెంబరు. చీటీ కోసం పళ్ళెం కింద కూడా వెతికింది. అప్పుడే వచ్చిన తోర్బెన్‌ను మోచేత్తో పొడిచింది. తోర్బెన్ ఆ విభాగం అధికారి. ముప్ఫై నాలుగేళ్ళవాడు, వచ్చి మూడు నెలలైంది.

"చూశారా సార్? అయిపోయింది. వెళ్ళిపోతోంది."

"ఎవరు?"

"రోజ్విటా. అరవై నాలుగు దాటింది, నలభై అయిదేళ్ళూ నిండాయి. ఒకటి కాదు, రెండు పళ్ళేలు! ఇంకేం కావాలి?"

"నాకేం చెప్పలేదే! ఆవిణ్ణే అడుగుదాం."

"అమ్మో, అడుగుతారా? పొమ్మన్నట్టుంటుంది."

తోర్బెన్ వెనక్కి తగ్గాడు. కిందివాళ్ళ వయసు గురించి అడిగితే కేసవుతుందని అతనికి శిక్షణలో రెండు రోజులు నూరిపోశారు. ఇక రెండో భయం అంతకన్నా పెద్దది. ఆ ఊళ్ళో పనికి మనుషులు దొరకడం మానేసి ఆరేళ్ళయింది. పార్కులో మాలి కావాలని ప్రకటన ఇస్తే వచ్చిన ఒకే ఒక్కడు టాయిలెట్ ఎక్కడని అడిగి వెళ్ళిపోయాడు. తోర్బెన్ గదిలోకి పరుగెత్తి తలుపేసుకుని, పదింటికల్లా ఆఫీసు వెబ్‌సైటులో ప్రకటన పెట్టేశాడు. "మూడో కౌంటరు, పెన్షన్లు. వెంటనే కావలెను. వయసుతో నిమిత్తం లేదు. రిటైరైన వారు కూడా దరఖాస్తు చేసుకోవచ్చును."

ఈ లోపల సిల్కే మూడో కౌంటరు దగ్గరికి వెళ్ళి రోజ్విటాను గట్టిగా కౌగిలించుకుంది. సిల్కే కళ్ళు చెమర్చాయి.

"నాకైనా ముందు చెప్పొచ్చుగా!"

"ఏంటే? నిన్న రాత్రి కదా చేసింది," అంది రోజ్విటా, కేకు బాగా కుదిరినట్టుందనుకుని.

"నిన్న రాత్రా? అంత తొందరగా తేల్చేసుకున్నావా?"

"తేల్చడానికేముంది, డెట్లెఫ్ ఊరుకోడు."

సిల్కే ఇంకోసారి కౌగిలించుకుని ముక్కు తుడుచుకుంటూ వెళ్ళింది. ఈ మనిషికి మోకాలి నొప్పి మందులు పడటం లేదేమోనని రోజ్విటా జాలిపడింది.

పదిన్నరకు ఆమె తెర మీద ప్రకటన కనబడింది. మొదట నవ్వొచ్చింది. రెండోసారి చదివితే ఆ నవ్వు పోయింది. తన కౌంటరు. తన కుర్చీ. వెంటనే కావలెను! ముప్ఫై ఏళ్ళ చాకిరీకి ముఖం మీద చెప్పే ధైర్యం కూడా లేక వెబ్‌సైటులో పెట్టి గెంటుతున్నారా? సిల్కే ఏడుపెందుకో ఇప్పుడర్థమైంది. లేచి వెళ్ళి తోర్బెన్‌ను కడిగేద్దామనుకుంది. కానీ అడిగితే "అవును" అంటాడేమోనన్న భయం కాళ్ళను పట్టేసింది. అవునంటే రేపటి నుంచి పొద్దున్న ఎనిమిదింటికి ఎక్కడుండాలో ఆమెకు తెలుసు. అందుకే అడగలేదు. చట్టం పుస్తకం తీసి, తనను కదిలించడానికి ఎవరికీ హక్కు లేదని సెక్షన్లతో సహా అభ్యంతర పత్రం రాయడం మొదలెట్టింది.

అదైనా ప్రశాంతంగా రాయనిచ్చారా? సిల్కే పక్కనున్న బేకరీలో రొట్టెముక్క కొనుక్కుంటూ బేకరీ ఆవిడకు చెప్పింది, బేకరీ ఆవిడ ఊరికి చెప్పింది. పదకొండింటికి మూడో కౌంటరు ముందు క్యూ మెట్ల దాకా వెళ్ళింది. అందరి చేతుల్లోనూ ఫైళ్ళు. బస్సు డ్రైవరు కూల్మన్ చాక్లెట్ల పెట్టె కూడా తెచ్చాడు.

"రోజ్విటా గారూ, మీరుండగానే నా లెక్క తేల్చేయండి. మీ తర్వాత వచ్చే కుర్రాడెవడో నాతో ఎనభై దాకా బస్సు నడిపిస్తాడు."

"నా తర్వాత ఎవడొస్తున్నాడు? మీకెవరు చెప్పారు?"

"ఊరంతా చెప్పుకుంటోందండీ. బాధపడకండి, అందరికీ ఏదో ఒక రోజు తప్పదు."

ఊరంతా తెలుసు, తనకు తప్ప! రోజ్విటా అతని ఫారం మీద కొట్టిన ముద్రకు బల్ల అదిరింది.

క్యూ వీధిలోకి పాకింది. వీధిలో పోయేవాళ్ళకు ఆ క్యూ ఎందుకో తెలియదు. తెలియకపోతేనేం, ఎవరో తెలిసినట్టు చెప్పారు. ప్రభుత్వం రిటైర్మెంటు వయసు మళ్ళీ పెంచుతోందట, రేపటి నుంచే అమలట, ఇవాళ ఫారం ఇచ్చినవాళ్ళను పాత లెక్కలోనే ఉంచుతారట. పన్నెండింటికి ఒక కుర్రది బొచ్చుకుక్కను లాక్కుంటూ వచ్చి కౌంటరు ముందు నిలబడింది.

"నాకు ఇరవై తొమ్మిదండీ. ముందే పేరు రాసుకుంటారా?"

"ఎన్నేళ్ళు పని చేశావు?"

"వచ్చే నెల చేరుతున్నాను."

కిటికీలోంచి జనాన్ని చూసి పైఅంతస్తులోంచి మేయరమ్మ దిగి వచ్చింది. ఏమిటిదని సిల్కేను అడిగింది. రోజ్విటా వెళ్ళిపోతోందని, వీళ్ళంతా అందుకే వచ్చారని సిల్కే చెప్పింది. మేయరమ్మ ఆ జనాన్ని ఇంకోసారి లెక్కపెట్టుకుంది. వచ్చే ఏడు ఎన్నికలున్నాయి.

"మూడింటికి సభ పెట్టండి. నేను మాట్లాడతాను. ఆవిడకు మాత్రం తెలియనీయకండి," అంది.

ఒంటిగంటకు సిల్కే డెట్లెఫ్‌కు ఫోను చేసింది.

"మూడింటికి సూటేసుకుని వచ్చేయ్. వీడ్కోలు సభ. రోజ్విటాతో అనకు."

"ఎవరికి వీడ్కోలు?"

"అయ్యో, నీక్కూడా చెప్పలేదా! రేపటి నుంచి పొద్దస్తమానం ఇద్దరూ వంటింట్లోనే. ఎంత అదృష్టమయ్యా నీది! ఆ కుర్చీకి ప్రకటన కూడా పడిపోయింది, రిటైరైనవాళ్ళైనా సరే రమ్మంటున్నారు పాపం."

ఫోను పెట్టేసి డెట్లెఫ్ స్టూలు మీద కూలబడ్డాడు. చుట్టూ చూసుకున్నాడు. చీటీలు అంటించిన డబ్బాలు, గోడ మీది బొమ్మ, పొద్దున ఏడింటికి రోజ్విటా వెళ్ళగానే దిగివచ్చే ఆ చల్లని నిశ్శబ్దం. రోజ్విటా మంచిదే పాపం. కానీ ఆవిడ మంచితనం కూడా సాయంత్రం అయిదు దాటాకే అతని ఒంటికి పడేది. పావుగంట ఆలోచించి, బీరువాలోంచి పాత సర్టిఫికెట్లు తీశాడు.

మూడింటికి రోజ్విటాను ఏదో సంతకం ఉందని పెద్ద హాల్లోకి పిలిచారు. నాలుగు పేజీల అభ్యంతర పత్రం మడతపెట్టి చేత పట్టుకుని ఆమె యుద్ధానికి పోతున్నట్టు వెళ్ళింది. హాలు నిండా జనం. బల్ల మీద పూలగుత్తి, అందరూ సంతకాలు పెట్టిన పెద్ద కార్డు, కొండలెక్కేవాళ్ళు వీపున తగిలించుకునే సంచి. అందరూ చప్పట్లు కొట్టారు. మేయరమ్మ గొంతు సవరించుకుంది.

"ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊరివాళ్ళను ఇంటికి సాగనంపిన రోజ్విటా గారిని ఇవాళ మనం సాగనంపుతున్నాం..."

"ఎక్కడికి?" అంది రోజ్విటా.

మేయరమ్మ చేతిలోని ప్రసంగం కాగితాన్ని తిరగేసి చూసింది.

"నేనెక్కడికీ పోవడం లేదు. నన్ను గెంటాలంటే ముందు ఇది చదవండి. నాలుగు పేజీలు. పదకొండు సెక్షన్లు!" రోజ్విటా కాగితాలను పూలగుత్తి మీద విసిరికొట్టింది. "ముప్ఫై ఏళ్ళు చేశానే, ముఖం చూసి చెప్పే పాటి మర్యాద లేదా మీకు?"

"మిమ్మల్ని గెంటడమేంటండీ?" తోర్బెన్ ముందుకొచ్చాడు. "మీరే కదా వెళ్తున్నది!"

"నేను చెప్పానా?"

"కేకు తెచ్చావుగా!" అంది సిల్కే.

"ప్లమ్‌లు కాశాయి కనక తెచ్చాను!"

ఎవరో నములుతున్న కేకును మింగకుండా ఆగిపోయారు.

"చీటీ అయినా పెట్టొద్దుటే?" సిల్కే ఏడుస్తూనే తిట్టింది. "రెండు పళ్ళేలు పెట్టి చీటీ లేకపోతే మేమేమనుకోవాలి?"

"నన్ను అడగాలి!"

"వయసు సంగతి అడగకూడదని శిక్షణలో చెప్పారండీ," అన్నాడు తోర్బెన్ నీరసంగా. ఆ తర్వాత అతని ముఖంలోకి మెల్లగా రక్తం వచ్చింది. "అంటే... మీరు ఉంటున్నారా? అరవై ఏడు దాకా?"

"మీరు నన్ను కుర్చీతో సహా మోసుకెళ్ళి బయట పడేసే దాకా."

తోర్బెన్ ఆమె చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మళ్ళీ చప్పట్లు, ఈసారి రెట్టింపు. పొద్దున్నుంచీ గుండె మీద కూర్చున్న బండ దిగిపోయింది రోజ్విటాకు. తన కుర్చీ తనకుంది, ఇంటికి దూరంగా గడిపే తన తొమ్మిది గంటలూ తనకున్నాయి. సంతోషం పట్టలేక సిల్కేను తానే కౌగిలించుకుంది. అప్పుడు కనబడ్డాడు డెట్లెఫ్, కిటికీ పక్కన, సూటులో, చంకలో ప్లాస్టిక్ ఫైలుతో, పాలిపోయిన ముఖంతో.

"ఒక చిన్న సంగతుందండీ," అన్నాడు తోర్బెన్. "ప్రకటనకు ఒక దరఖాస్తు వచ్చింది. ఆరేళ్ళలో మొదటిది. వదులుకుంటే మళ్ళీ దొరకరని రెండున్నరకే సంతకాలు చేసేశాం. ఏడాది ఒప్పందం."

"ఎవరది?" అంది రోజ్విటా. అందరూ కిటికీ వైపు చూశారు.

"ఎంత మంచి మాట!" మేయరమ్మకు ప్రసంగం మళ్ళీ దొరికింది. "ఆ క్యూ చూశారుగా, ఒక్కరేం సరిపోతారు? మూడో కౌంటరులోనే ఇంకో కుర్చీ వేయించండి. మొగుడూ పెళ్ళాలు పక్కపక్కనే. ఫొటో తీసుకుందాం, రండి!"

ఫొటోకు నవ్వుతూనే రోజ్విటా పళ్ళ మధ్య నుంచి అడిగింది. "నేను ఇంటికొస్తున్నానని ఉద్యోగం వెతుక్కున్నావా?"

"నీకు ఇంట్లో స్వేచ్ఛగా ఉంటుందనీ..."

"డెట్లెఫ్!"

"సంతకం పెట్టేశానే," అన్నాడతను దీనంగా, కెమెరా వైపు చూస్తూ.

సోమవారం ఏడింటి బస్సులో ఇద్దరూ కలిసే వచ్చారు. ఎనిమిదిన్నరకల్లా డెట్లెఫ్ ఆమె ముద్రలన్నిటినీ సైజుల వారీగా పేర్చాడు. తొమ్మిదింటికి కూల్మన్ ఎదుటే ఆమె లెక్కలో రెండు నెలల తేడా పట్టుకున్నాడు. తేడా నిజమే, అదే ఆమె భరించలేకపోయింది. కూల్మన్ చాలా మర్యాదగా పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు.

తొమ్మిదింబావుకు రోజ్విటా సొరుగులోంచి పెన్షను దరఖాస్తు ఒకటి తీసి, పేరు రాయాల్సిన గడిలో తన పేరు రాసుకుంది.