‘మా గురించి’ అనే పేజీ

ఆ బుధవారం పొద్దున నాహీద్ మూడు పనులు పెట్టుకుంది. ఒకటి, కూతురు ఫర్హత్ స్కూల్ ప్రాజెక్టు. అట్టపెట్టె మీద కొండలు, వాన, దూది మబ్బులు తొమ్మిదింటికల్లా అతికించాలి. రెండు, సిరిసిల్ల పరశురాములు చీరల వెబ్‌సైట్ పదింటికల్లా నెట్‌లోకి ఎక్కించాలి. మూడు, హైదరాబాద్ పత్రికవాళ్ల కథల పోటీకి సాయంత్రం ఐదింటిలోపు కథ పంపాలి. మొదటి రెండూ ఇంట్లో అందరికీ తెలుసు. మూడోది ఎవరికీ తెలియదు.

కోరుట్లలోని ఆ ఇంట్లో వెబ్‌సైట్ అంటే పని. భర్త ఫహీమ్ జగిత్యాలలో ఫోన్లు బాగుచేసే దుకాణంలో ఉంటాడు. పాత ల్యాప్‌టాప్ తెచ్చిచ్చి, వీడియోలు చూసి నేర్చుకొమ్మన్నది అతనే. పెళ్లికార్డులు, పుట్టినరోజు పోస్టర్లు, మెహందీ డిజైన్లు, ఇప్పుడు వెబ్‌సైట్లు, అన్నీ పనే. కథలు మాత్రం టైంపాస్. అత్త మహమూదా బేగం ఒకసారి కోడలి నోటుబుక్కు తెరిచి చూసింది. "గిదేంది, ఎవలో సచ్చిపోయిన ముచ్చట రాస్తున్నవ్? పసిపిల్ల తిరిగే ఇంట్ల గీ మన్హూస్, అపశకునం రాతలేంది?" అని దాన్ని బియ్యం డబ్బా వెనక పడేసింది.

అప్పటినుంచి నాహీద్ కథను వెబ్‌సైట్ లోపలే రాసుకుంటోంది. పరశురాములు సైట్‌లో ‘మా గురించి’ అని ఒక పేజీ ఉంది. అందులో ఏం పెట్టాలని ఎన్నిసార్లు అడిగినా ఆయన, "నువ్వే ఏదన్న మంచిగ రాయు బిడ్డా," అనేవాడు. ఆ ఖాళీ జాగాలో రెండు నెలలుగా కథ సాగుతోంది. పైన పరశురాములు ఫొటో, ఫొటో చుట్టూ అందం కోసం బంతిపూల అంచు, పక్కన చీరల బొమ్మలు. అత్త తొంగి చూస్తే చీరలే కనబడతాయి. కథ పూర్తయ్యాక దాన్ని తీసేసి, అక్కడ ‘నాణ్యతే మా ధ్యేయం’ అని పెడితే సరిపోతుందని నాహీద్ లెక్క.

కథ ఆమె తండ్రి ఖాజాది. ఆయన సిరిసిల్లలో, పరశురాములు ఉండే గల్లీలోనే, మరమగ్గాలు బాగుచేసే మేస్త్రి. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. నలభై ఏళ్లు అదే పని. గల్లీ మొగదల నిలబడి చప్పుడు విని, ఎవరి సాంచాలో ఏ బోల్టు వదులైందో చెప్పేవాడు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు చనిపోయాడు. ఆ గల్లీలో ఎవరు చనిపోయినా శవం లేచేదాకా సాంచాలు ఆపడం ఆనవాయితీ. ఖాజాను నలుగురు మాస్కులేసుకొని మోసుకుపోతుంటే, మూసిన తలుపుల వెనక సాంచాలు నడుస్తూనే ఉన్నాయి. ఒక్కటీ ఆగలేదు. ఆ చప్పుడు నాహీద్ చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. చదివేవాళ్లైనా తన తండ్రి దగ్గర ఒక్క నిమిషం ఆగాలి, అంతే ఆమె కోరిక. పదో తరగతిలో ఆగిపోయిన చదువుకు అంత బలం ఉందో లేదోనని ఆఖరి పేరా ఇరవైసార్లు మార్చింది. కథలో ఎక్కడా తండ్రి పేరు పెట్టలేదు. పెడదామంటే వేళ్లు కదల్లేదు.

పావుతక్కువ పదికి పరశురాములు ఫోన్ చేశాడు. "బిడ్డా, అయ్యిందా? నేను బోయినపల్లికి పోతున్న, మా చెల్లె ఇంటికాడ పనుంది. లింకు పంపితే గ్రూపులల్ల ఏసి పోత."

"అయిపోయింది కాకా, రెండు నిమిషాలు."

అదే సమయానికి, తొమ్మిది దాటినా పూర్తికాని ఫర్హత్ అట్టపెట్టె మీది సూర్యుడు ఊడి పప్పుగిన్నెలో పడ్డాడు. పిల్ల ఏడుపు అందుకుంది. నాహీద్ ఒక చేత్తో సూర్యుణ్ణి తీస్తూ, గమ్ము అంటిన రెండో చేత్తో మీట నొక్కింది. ‘అన్ని పేజీలూనా?’ అని ల్యాప్‌టాప్ మర్యాదగా అడిగింది. పిల్ల ఊరుకోవాలని ఆమె అన్నింటికీ అవుననే అంటోంది. దానికీ అవునంది.

లింకు వెళ్లింది. పరశురాములు దాన్ని తెరిచి చూడకుండానే సాంచాల యజమానులైన ఆసాముల గ్రూపుకు, సంఘం గ్రూపుకు, చుట్టాల గ్రూపుకు పంపి, ఫోన్ చార్జింగ్‌కు పెట్టి, పెట్టిన సంగతి మరిచి, స్కూటర్ మీద బోయినపల్లికి బయలుదేరాడు.

పదిన్నరకు ఆయన తమ్ముడి కొడుకు రవీందర్ ఫోన్ చేశాడు. సాంచాల షెడ్డు చూసుకునేది అతనే. "అక్కా, మా పెద్దబాపు సచ్చిపోయినట్టు నీకు ఎవలు చెప్పిండ్రు?"

నాహీద్ ల్యాప్‌టాప్ ముందుకు జరిగింది. సైట్ తెరిచింది. బంతిపూల నడుమ పరశురాములు నవ్వుతున్నాడు. కింద పెద్ద అక్షరాల్లో కథ మొదలైంది: ‘ఆయన చనిపోయిన రోజు గల్లీలో ఎవరూ బయటికి రాలేదు. సాంచాలు ఆపలేదు.’

"తమ్మీ, అది ఉత్త కథ..."

"కథేందక్కా, ఫొటో ఉన్నది, పూలున్నయి! ఇంకో ముచ్చట. సాంచాలు ఆపలేదని ఎట్ల రాస్తవ్? మాకు తెలిస్తెనే గద ఆపుతం! మా ఇజ్జత్ తీస్తివి. ఇప్పుడే గల్లీ మొత్తం బంద్ చేపిచ్చిన. ఆపినమని మార్చి రాయు."

"మీ పెద్దబాపు మంచిగున్నడు! బోయినపల్లికి పోయిండు!"

"ఫోన్ ఇంట్లనే మోగుతున్నది. ఫోన్ లేకుంట మా పెద్దబాపు దొడ్డికి గూడ పోడు," అని రవీందర్ పెట్టేశాడు.

పేజీ మొత్తం తీసేద్దామంటే ల్యాప్‌టాప్ అప్పుడే అప్‌డేట్ అంటూ తనను తాను బాగుచేసుకోవడం మొదలుపెట్టి, ముప్పై శాతం దగ్గర కూర్చుంది. నాహీద్ ఫోన్‌లోంచే గబగబా కథను చెరిపేసింది. అది ఇంకా అధ్వానమైంది. ఇప్పుడు పేజీలో పూలదండ మధ్య ఫొటో ఒక్కటే మిగిలింది. ఏమన్నా అనుమానం ఉన్నవాళ్లకు అది కూడా తీరిపోయింది.

ఇంతలో మహమూదా బేగం బురఖా వేసుకొని వచ్చి నిలబడింది. రాయికల్‌లో ఉండే ఆమె చెల్లెలికి కూడా కబురు అందిందట. "నడు. పని ఇచ్చిన మనిషి. పోకుంటే మంచిగుండదు."

"అమ్మీ, ఆయన సచ్చిపోలే."

"నెట్టుల వచ్చింది గదా."

"నెట్టుల పెట్టింది నేనే అమ్మీ!"

"మరి నీకంటే బాగ ఎవలకెరుక? నడు."

ఫర్హత్‌నూ, స్కూలుకు చేరని అట్టపెట్టెనూ పట్టుకొని ముగ్గురూ వేములవాడ బస్సెక్కారు. కథలాపూర్ దాటాక నాహీద్ అత్తకు అంతా చెప్పేసింది. తండ్రి సంగతి, కథ సంగతి, చీరల వెనక దాచిన సంగతి, పోటీ సంగతి. ఇక ల్యాప్‌టాప్ ముట్టనివ్వరనే అనుకుంది. మహమూదా బేగం అట్టపెట్టెను ఒళ్లో పెట్టుకొని కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది. వేములవాడలో బస్సు మారారు. రెండో బస్సులోనూ కిటికీ పక్కనే కూర్చుంది.

సిరిసిల్లలో ఆ గల్లీ మలుపు తిరగగానే నాహీద్ ఆగిపోయింది. నిశ్శబ్దం. పుట్టి బుద్ధెరిగాక ఆ గల్లీని అలా వినలేదు. కాకులు అరుస్తుంటే వినబడ్డాయి.

ఇంటి ముందు టెంటు, కుర్చీలు. మధ్యలో ఒక కుర్చీ మీద పరశురాములు ఫొటో, ఈసారి నిజం పూలదండతోనే. శవం ఎక్కడని మాత్రం ఎవరూ అడగలేదు. కరీంనగర్ ఆస్పత్రిలో ఉందని కొందరు, జగిత్యాల ఆస్పత్రిలో ఉందని కొందరు నమ్మి, రెండుచోట్లకూ రెండు జీపులు పంపారు. భార్య పోశవ్వ గోడకు జారగిలబడి ఏడుస్తోంది. "నలభై ఏండ్లు కాపురం చేస్తి. నాకొక్క మాట చెప్పకపాయె! పోతపోత నెట్టుకు చెప్పిపాయె!"

"పెద్దమ్మా, కాకా మంచిగున్నడు, తప్పు నాదే," అంటూ నాహీద్ దగ్గరికి వెళ్లింది. పోశవ్వ ఆమెను గట్టిగా వాటేసుకుంది. "నువ్వు మంచిగ రాసినవట బిడ్డా, అందరంటున్నరు." నిజంగానే అంటున్నారు. నాహీద్ రాత మీద వచ్చిన మొట్టమొదటి మెచ్చుకోలు అది. మెచ్చుకున్నవాళ్లలో రెండో వాక్యం దాటి చదివినవాళ్లు ఒక్కరూ లేరు.

రెండు గంటలకు స్కూటర్ చప్పుడైంది. పరశురాములు దిగి, టెంటు చూసి, రుమాలుతో మొహం తుడుచుకొని, గొంతు తగ్గించి అడిగాడు. "ఎవలు సచ్చిపోయిండ్రు ర, రవీందర్?"

"నువ్వే పెద్దబాపూ," అన్నాడు రవీందర్.

పోశవ్వ లేచి వచ్చి, భర్తను తల నుంచి కాళ్లదాకా చూసి, చేతిలో ఉన్న తువ్వాలతోనే నాలుగు అంటించింది. "ఫోనెందుకు ఇడిసిపెట్టి పోయినవ్? నా గాజుల గురించి కూడ మాట్లాడుకున్నరు!" ఆమె కోపం ఒక కొలిక్కి వచ్చాక మిగతావాళ్ల చూపులన్నీ నాహీద్ మీదికి తిరిగాయి. "గీమెనే," అన్నాడు రవీందర్, ఫోన్‌లో దాచుకున్న పాత పేజీ చూపించి. "గీమెనే రాసింది."

పరశురాములు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. అందరికీ వినబడేలా చదవడం మొదలుపెట్టాడు. మొదటి రెండు వాక్యాలకు జనంలో కొందరు నవ్వారు. ఆయన మూడో వాక్యంలోకి వెళ్లాడు, నాలుగో దానిలోకి వెళ్లాడు. గొంతు తగ్గుతూ వచ్చింది. ‘ఆ సాంచాలన్నీ ఆయన చేతుల్లో బాగైనవే. నలుగురు ఆయన్ను మోసుకుపోతుంటే పదిహేనడుగుల దూరంలో ఒక కిటికీ తెరుచుకుంది. ఎవరో చూశారు. కిటికీ మళ్లీ మూసుకుంది.’

అక్కడ ఆగాడు.

"గిది నేను గాదు," అన్నాడు.

"గదే గద పెద్దబాపూ, నువ్వు బతికే ఉన్నవ్."

"గది గాదు ర. నాకు పానా పట్టుడే రాదు. గిది ఖాజా మేస్త్రి." కళ్లద్దాలు తీసి ఎదురుగా తన ఇంటి గోడ వైపు చూశాడు. "గా కిటికి నాది."

ఒకరిద్దరు తమ ఇళ్ల వైపు చూశారు. కరోనా నాడు ఆ గల్లీలో కిటికీలు అందరికీ ఉన్నాయి.

"కాకా, నేను మీ మీద కోపంతోని రాయలే," అంది నాహీద్. ఏడవకూడదనుకుంది, ఏడ్చింది. "గది మీ పేజీల ఉండేది గాదు. మా బాపు కోసం ఒక్క సాంచన్న ఆగితే బాగుండునని రాసుకున్న, అంతే."

రవీందర్ నేల చూస్తూ నిలబడి, ఏదో ఒకటి చెయ్యాలి కనుక అడిగాడు. "పెద్దబాపూ, సాంచాలు షురూ చేపియ్యాల్నా?"

"వద్దు. మాపటిదాంక గట్లనే ఉండనియ్యు. నా కోసం ఆపిండ్రు, నాకు అక్కెర పడలే. ఖాజాకు ఇయ్యుండ్రి."

కుర్చీ మీదున్న తన ఫొటోను ఆయనే తీసి పోశవ్వ చేతికిచ్చాడు. ఖాజా ఫొటో నాహీద్ ఫోన్‌లో తప్ప ఎక్కడా లేదు. ఫోన్‌నే కుర్చీలో నిలబెట్టి, దండ దాని చుట్టూ సర్దారు. అర నిమిషానికోసారి ఫోన్ నల్లబడిపోతోంది. మహమూదా బేగం ఆ పక్కనే చాప మీద కూర్చొని, నల్లబడ్డప్పుడల్లా వేలితో తట్టి వియ్యంకుణ్ణి వెలిగిస్తూ ఉంది. ఎవరి ఇళ్లలోంచో అన్నం, పప్పు వచ్చాయి. చావు ఇంటికని వండినవే. అవి వృథా కాలేదు. ఇంటింటి నుంచీ వచ్చి కూర్చొని ఖాజా ఎవరి సాంచా ఎప్పుడు బాగుచేశాడో చెప్పుకున్నారు. ఒకాయన అయితే, ఖాజా కట్టిన తాడు ఇప్పటికీ తన సాంచాకు ఉందని చెప్పి, చెబుతూనే లేచి బయటికి వెళ్లిపోయాడు.

"గా పోటీకి ఐదింటిదాంకనే అన్నవ్ గదా?" అని మహమూదా బేగం చాలాసేపటికి, చిన్నగా అడిగింది. "టైం అయితున్నది."

"నెట్టుల వచ్చిన కథ తీసుకోరు అమ్మీ."

"తీసుకుంటరో లేదో పంపి చూడరాదు?"

పంపాలంటే కుర్చీలోంచి ఫోన్ తీయాలి. నాహీద్ కుర్చీ వైపు చూసింది. మహమూదా బేగం కూడా చూసి, మళ్లీ ఒకసారి తట్టింది. ఐదయింది. ఆ గల్లీలో సాంచా ఒక్కటీ కదల్లేదు. ఫర్హత్ తల్లి ఒడిలో నిద్రపోయింది.

మర్నాడు పొద్దున అదే గల్లీ నుంచి ఇంకో ఇద్దరు ఆసాములు నాహీద్‌కు ఫోన్ చేశారు. ఇద్దరికీ వెబ్‌సైట్ కావాలట. చీరల ఫొటోలు తర్వాత నిదానంగా పంపుతారట, ముందైతే తాము చనిపోయినట్టు రాసి పెట్టమన్నారు.